తొట్టెలో వెదురు, పెరటికి తెర



అమెరికా తూర్పుతీరమునందలి న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రములలో ఉద్యోగరీత్యా స్థిరపడిన మన తెలుగువారు, కొన్నియేండ్లు అద్దెయిండ్లలో కాలము గడిపి, తరువాత సొంతయిల్లు కొనుక్కొని, శాస్త్రోక్తముగా పాలు పొంగించి, వచ్చిన బంధుమిత్రులను సాగనంపి, ఆ సాయంకాలము పెరటితలుపు తెఱచుకొని వెలుపల నిలిచినప్పుడు వారికి మొట్టమొదట స్ఫురించు విషయ మేమనగా, ఆ యింటికి ప్రహరీ లేదు. వీధివైపున లేదు; పక్కల లేదు; వెనుక లేదు. తమ పచ్చిక యెచ్చట ముగిసి పొరుగువారి పచ్చిక యెచ్చట మొదలగునో దస్తావేజులలోని కొలతలు చెప్పవలసినదే గాని కంటికి కనబడదు. రాతిగోడయో ఇటుకగోడయో, అంతటి స్తోమతు లేనిచో తాటాకుదడియో వెదురుతడికయో కట్టుకొని, ఆ మఱుగున బట్టలారవేసికొని, అంట్లు తోముకొని, పసిబిడ్డలకు నలుగుపెట్టి నీళ్లు పోసికొను అలవాటులో పెరిగినవారికి ఈ బట్టబయలు కొంత యెబ్బెట్టుగానే తోచును. వేసవి యుదయమున పెరటిలోని తులసికుండీకి ప్రదక్షిణము చేయుచున్న యిల్లాలిని చూచి ముగ్గురు పొరుగువారు తమ తమ మేడకిటికీల నుండి సుహృద్భావముతోనే చేయి యూపుదురు. ఆ సుహృద్భావమే ఆమెకు సంకటము.

కంచె వేసికొనరాదా యందురేమో. వేసికొనవచ్చును. కాని ఆ దేశమున పెక్కుపట్టణములలో పెరటికంచె 6 అడుగులకును, వీధివైపు కంచె 4 అడుగులకును మించరాదని పురపాలక నిబంధనలున్నవి. నేలమీద నిలిచినవాని చూపును 6 అడుగుల పలక ఆపగలదు. మేడమీదనుండి దిగివచ్చు చూపు నాపలేదు. చెట్లకును పొదలకును ఈ కొలత సాధారణముగా వర్తింపదు గనుక అక్కడి గృహస్థులు సజీవమైన తెరకై వెదకుదురు. ఎక్కువమంది నాటునది థూజా యను నిత్యహరితమైన చెట్టు. అది మంచిదే, కాని మెల్లగా పెరుగును, కాలక్రమమున అడుగున వెడల్పై చిన్నపెరటిలో చాల చోటాక్రమించును, శీతకాలమున ఆకలిగొన్న జింకలు వచ్చి తమ మెడ యందినంతవఱకు దానిని మేసిపోవును. మంచులో సైతము పచ్చగా నుండునది, ఒక గజము వెడల్పు చోటిచ్చినచో ఇరువదియడుగుల యెత్తు లేవగలది, గాలి యాడినప్పుడు ఆకుల గలగలతో వీధిలోని కార్లరొదను కొంత మఱపించునది యేది యని విచారించుచు బోయినవాడు చివరకు వెదురుకడకు వచ్చి యాగును.

అయితే ఏ వెదురన్నది తేలవలెను. మన నల్లమలకొండలలోను, ఆదిలాబాదు అడవులలోను, గోదావరి మన్యములోను పెరుగు సాధనపువెదురు గాని ముళ్లవెదురు గాని పొదకట్టు జాతులు. పసుపునకును అల్లమునకును నేలలోపల ఉన్నట్లే వెదురునకును కొమ్మున్నది. ఈ పొదజాతులలో ఆ కొమ్ము పొట్టిది, లావైనది, కొద్దిదూరము పోయి పైకి వంగి తానే బొంగై లేచును. కనుక పొద ఏటేట కొంచెము కొంచెముగా బలియునే గాని ఉన్నచోటు విడువదు. తాతలనాడు మేదరులు నఱకుకొనిపోయిన పొద మనుమలనాడును అచ్చటనే దొరకును. కాని ఇవి ఉష్ణదేశపుజాతులు. న్యూజెర్సీ చలికి ఒక్క శీతకాలమైనను తాళలేవు. చలికోర్చు పొదజాతి చైనా పర్వతములనుండి వచ్చినది ఫార్గేసియా యని యొకటి యున్నది. అది చల్లనినీడలో ముచ్చటగా పెరుగును గాని, ఆ ప్రాంతపు జూలై మధ్యాహ్నపుటెండ తగిలినచో ఆకులు ముడుచుకొనును, పండ్రెండడుగులకు మించి లేచుటయు అరుదు. ఇక మిగిలినవి చైనా, జపాను దేశముల సమశీతోష్ణ భూములలో పుట్టిన ఫిల్లోస్టాకిస్ జాతులు. వీనిని గుర్తించుట తేలిక. కొమ్మలు వెడలిన కణుపునకు పైన బొంగు ఒకపక్క నొక్కినట్లు గాడిపడి యుండును. కణుపుకణుపునను పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు కొమ్మలుండును. ఇవియే పాకుడువెదుళ్లు.

పాకుడువెదురు కొమ్ము సన్ననిది, పొడవైనది, మిక్కిలి చురుకైనది. అది నేలకు ఒక్కయడుగు లోతులోపలనే అడ్డముగా సాగిపోవును. దాని కణుపు కణుపునను మొగ్గ యున్నది. ఆ మొగ్గ బొంగై లేవవచ్చును, లేదా వేఱొక కొమ్మై ఇంకొక దిక్కు పట్టవచ్చును. ఏప్రిల్, మే నెలలలో మొలకలు నేలను చీల్చుకొని పైకి వచ్చును. ఏ లావుతో వచ్చినదో ఆ బొంగు జీవితాంతము ఆ లావుననే యుండును. రెండునెలల లోపల తన పూర్తియెత్తు లేచి, కొమ్మలు విప్పి, ఆకు తొడిగి, అంతటితో పెరుగుట చాలించును. మఱుసటియేడు తోట ఎత్తు పెరుగవలెనన్నచో క్రొత్తమొలకలు అంతకంటె లావుగా రావలసినదే. వేసవి చివరను శరత్కాలమునను కంటికి కనబడని పని యొకటి నేలలోపల జరుగును, కొమ్ములు సాగుట. ఒక్కయేట నాలుగైదడుగులు పోవుట సామాన్యము. మన్ను వదులై తేమ గలచోట అంతకు రెండు మూడు రెట్లు పోవుటయు కలదు. ఇది గడ్డికుటుంబపు మొక్కయేగదా! పొలములో గరికను త్రవ్వి పాఱవేసి, మఱునాటి వానకు మరల గరికనే చూచిన రైతునకు దీని స్వభావమును వేఱుగా వర్ణింప నక్కఱలేదు.

పశ్చిమదేశములకు ఈ జాతులు వచ్చిన చరిత్ర కొంత వినదగినది. నల్లనిబొంగు గల జాతి 1827లో ఇంగ్లండు చేరినది. 1856లో ఫ్రాన్సు దక్షిణభాగమున సెవెన్ కొండల యంచున యూజేన్ మాజెల్ యను వర్తకుడు వెదురుతోట నాటి, దానికై ధనమును మంచినీళ్ల వలె వెచ్చించి, తుదకు దివాలా తీసెను. ఆ తోట మాత్రము నేటికిని పచ్చగా నుండి చూడవచ్చినవారి నలరించుచున్నది. మొక్కలమీది మోహమున ఇల్లు గుల్లచేసికొన్నవారి వరుసలో ఆయనకు తగిన పీటయే దొరకును. అమెరికాలో, 1880లో, మెన్లోపార్కు ప్రయోగశాలయందు థామస్ ఎడిసన్ విద్యుద్దీపములోని తీగకొఱకు నానావిధములైన నారలను కాల్చి పరీక్షించుచు, వెదురునార అన్నిటికంటె మన్నునని కనిపెట్టి, మేలైన వెదురును వెదకుటకు ఆసియాకు మనుష్యుని పంపెను. క్యోటో సమీపమునందలి యావతా వెదురు తుదకు ఎన్నికయ్యెను. దానితో చేసిన దీపము వేయిగంటలకు పైగా వెలిగినది. జపానువారు మదాకే యని పిలుచు ఆ వెదురు ఈ పాకుడుజాతులలోనిదే. మెన్లోపార్కు ఉన్న ఆ పట్టణమునకే 1954లో ఎడిసన్ అని పేరుపెట్టిరి. నేడు తెలుగుమాట వీధివీధిని వినవచ్చు ఎడిసన్ అదియే. బంగారువెదురు 1882లో అలబామా రాష్ట్రమున నాటబడినది. ప్రభుత్వ వ్యవసాయశాఖకు చెందిన డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ 1903లో జపాను వెదుళ్లనుగుఱించి ఒక చిన్నపుస్తకమునే ప్రకటించెను. ఆయన మిత్రుడు, దేశదేశములు తిరిగిన ధనికుడు బార్బర్ లాత్రోప్, 1919లో జార్జియా రాష్ట్రమున సవానా నగరము చెంత ఒక వెదురువనమును కొని ఆ శాఖ వశము చేసెను. వీరి దృష్టి అంతయు కఱ్ఱమీద, నారమీద, తినదగిన మొలకలమీద నుండెను. పెరటితెర మాట తరువాతది.

పెరటితెరగా నాటిన తరువాతనే తగవులును వచ్చినవి. తొలి రెండుమూడేండ్లు మొక్క బుద్ధిమంతురాలివలె ఉన్నచోటనే యుండును. యజమాని సంతోషించి దానిమాట మఱచిపోవును. నాలుగవ వసంతమున పొరుగువారి పచ్చికలో, గులాబీపాదులో, తారుబాటల పగుళ్లలో సూదిమొనల మొలకలు లేచును. వారు కోసివేయుదురు. కోసిన దానివలన నేలలోని కొమ్మునకు నొప్పియే లేదు. ఆపైన ఉత్తరములు, వకీళ్లు, న్యాయస్థానములు. కనెక్టికట్ శాసనసభ 2013లో పాకుడువెదురునుగుఱించి ప్రత్యేకముగా ఒక చట్టమునే చేయవలసివచ్చినది. నేడు అమలులోనున్న రూపములో, పొరుగువారి సరిహద్దునకు గాని ప్రజామార్గమునకు గాని 40 అడుగులలోపల దీనిని నాటరాదు. నాటవలెనన్నచో రెండే ఉపాయములు: సరియైన అడ్డుకట్టును నిర్మించి దానిని సంరక్షించుచుండుట యొకటి. చుట్టుపట్ల మన్నునకు మొక్క యేమాత్రమును తగులకుండ, నేలకు పైనున్న తొట్టెలోనే దానిని పూర్తిగా నుంచుట రెండవది. అది హద్దు దాటినచో తొలగించుటకగు వ్యయమును, కలిగిన నష్టమును నాటినవారే భరింపవలెను. అమ్మకందారు సైతము, ఇది వేగముగా వ్యాపించు మొక్కయని కొనువారికి వ్రాతమూలముగా ఎఱిగింపవలెను. పొరుగునున్న న్యూయార్కు రాష్ట్రము ఇంకను కఠినమై, బంగారువెదురును, పసుపుగాడి వెదురును, ఈ రెంటిని అమ్మకూడదనియే శాసించినది. న్యూజెర్సీలో కొన్ని పురపాలక సంఘములు తమ తమ ఊళ్లమట్టుకు నియమములు పెట్టినవి. కాబట్టి మొక్క కొనకముందే పురపాలక కార్యాలయమున విచారించుట మేలు.

చట్టము చెప్పిన రెండు ఉపాయములలో మొదటిది నేలలో పూడ్చు అడ్డుకట్టు. రెండు మూడడుగుల లోతు కందకము త్రవ్వి, దట్టమైన ప్లాస్టికురేకును నిలువుగా దింపి, దాని అంచును నేలకు రెండంగుళములు పైకి కనబడునట్లు నిలుపుదురు. కొమ్ము ఆ రేకును తాకి, దాని వెంబడి ప్రాకి, ఎక్కడ అతుకు వదులైనదో అక్కడ దూరును. ఎక్కడను సందు దొరకనిచో ఆకుచెత్తలో దాగి అంచుమీదుగా దాటును. ఏటేట రెండుమాఱులు వంగి, చెత్త తొలగించి, అంచు చుట్టును వెదకి చూచువారుండినంతకాలము అది పనిచేయును. కాని నేలలో దాగినదానిని మనుష్యుడు సులభముగా మఱచును. తొట్టెకున్న గొప్పతనమిదియే: దాని నాలుగుపక్కలును కంటియెదుట నుండును, అడుగు సైతము వంగిచూచిన కనబడును. తొట్టెలో పెట్టితిమి గనుక ఇక చింతలేదని భావించువారికి ఈ మొక్కను నేను సలహా చెప్పను. గోడ ఒకమాఱు కట్టిన ముప్పదియేండ్లు మనల నేమియు నడుగదు. వెదురుతెర యేటికి నాలుగురోజుల చాకిరి అడుగును, అడిగినప్పుడు చేయనిచో తానే ఒక దారి చూచుకొనును. ఆ చాకిరి ప్రీతితో చేయగలవారికే ఇక చెప్పబోవు మాటలు.

తొట్టె ఎట్టిదై యుండవలెను? అక్కడ పశువులకు నీళ్లుపెట్టుటకు జింకుపూత పూసిన ఇనుపతొట్లు అమ్ముదురు. 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 8 అడుగుల పొడవు గల తొట్టె ఈ పనికి సరిగా అమరినట్లుండును. పెరటి సౌందర్యమునకై సీడారుకఱ్ఱతో పెట్టెలు చేయించువారును కలరు. అవి చూపునకు బాగుండును గాని, నిండిన కొమ్ములు లోపలినుండి త్రోయగా మూలల మేకులు ఊడివచ్చుట కలదు గనుక, లోపల దట్టపు ప్లాస్టికురేకు పఱచి, మూలలకు ఇనుపపట్టీలు బిగింపవలెను. మట్టికుండీలమాట తలపెట్టనే వలదు. ఒక్క చలికాలపు మంచునకు అవి పగులును. మంచు పగులగొట్టనివానిని కొమ్ములు పగులగొట్టును. లోతు అడుగున్నరకు తగ్గరాదు. అడుగున రంధ్రములు పుష్కలముగా నుండవలెను. నీరు నిలిచిన తొట్టెలో వెదురు వేరు కుళ్లి, ఆకు పసుపువాఱి చచ్చును.

ఆ రంధ్రములే తప్పించుకొని పోవుటకును ద్వారములు. తొట్టెను నేరుగా మన్నుమీద దింపినచో, నీరు పోవు కంతగుండ కొమ్ము దిగి నేల జేరును. ఒక్కమాఱు నేల జేరినదా, తొట్టె నామమాత్రమే. చట్టప్రకారము కూడ ఆ క్షణమున అది తొట్టెలోని వెదురు కాదు. కావున తొట్టెను నాలుగైదంగుళముల యెత్తు రాతిదిమ్మెలమీద నిలిపి, దాని క్రింద నాపరాళ్లో సిమెంటుపలకయో పఱచి, తొట్టెకును నేలకును మధ్య వెలుతురు కనబడునట్లు చేయవలెను. వేసవి చివరను, ఆకు రాలు కాలము చివరను మోకాళ్లమీద వంగి క్రింద చూచి, ఏదైన తెల్లనిమొన వ్రేలాడుచున్నచో కత్తెరతో త్రుంచివేయవలెను. పైయంచువఱకు మన్ను నింపుటయు దోషమే. రెండుమూడంగుళముల వెలితి యుంచినచో, అంచు దాటచూచు కొమ్ము గాలిలోనికి తల యెత్తి మనకు పట్టుబడును.

ఇక బరువు. తడిసిన తోటమన్ను ఘనపుటడుగు నూరు పౌనులకు తక్కువ తూగదు. నేను చెప్పిన తొట్టెలో 32 ఘనపుటడుగులు పట్టును. అనగా మూడువేల రెండువందల పౌనులు, మన లెక్కలో సుమారు 1,450 కిలోలు. చదరపుటడుగునకు 200 పౌనుల భారము. అమెరికాలో ఇంటివెనుక కఱ్ఱతో వేయు డెక్కును సామాన్యముగా చదరపుటడుగునకు 40 పౌనులు మోయుటకే నిర్మింతురు. వంటయింటి తలుపు తీయగానే పచ్చనితెర కనబడవలెనను ముచ్చటతో డెక్కుమీద తొట్లు వరుసగా పెట్టదలచినవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసికొని చూచుకొనవలెను. మన్నులో కంపోస్టు, పెర్లైటు కలిపి తేలికచేసినను సగమునకు తగ్గుట కష్టము. గట్టినేలమీదనే తొట్లుంచవలెను.

శీతకాలము తొట్టెమొక్కకు నిజమైన పరీక్ష. నేలలోనున్న వేళ్లను భూమి తన వెచ్చదనముతో కాపాడును. తొట్టెలోని వేళ్లకు నాలుగుదిక్కులనుండియు చలిగాలి తగులును. మధ్య న్యూజెర్సీలో కనిష్ఠోష్ణోగ్రత ఏటేట సెల్సియస్ మానమున సున్నకు దిగువ 15, 18 డిగ్రీలవఱకు పోవును. బంగారువెదురు గాని నల్లవెదురు గాని నేలలోనైనచో ఆ చలిని ఎట్లో సహించును, తొట్టెలో సహింపదు. నల్లనిబొంగుల అందమునకు లోబడి కొనువారు తఱచుగా మార్చినెలలో గడ్డివామి రంగు ఆకులను చూచి విచారింతురు. నేలలో సున్నకు దిగువ 23 డిగ్రీలవఱకు నిలువగల జాతినే తొట్టెకు ఎన్నుకొనవలెను. అట్టివానిలో రెండు: పసుపుగాడి వెదురు, బిస్సెటై వెదురు. మొదటిదానిని అమ్మరాదని న్యూయార్కు శాసించినట్లు ఇంతకుముందే చెప్పితిని. రెండవది, లాత్రోపు కొనియిచ్చిన ఆ సవానా తోటను చాలకాలము చూచుకొన్న బిస్సెట్ పేరుమీద వెలసినది, దట్టమైన ముదురాకుపచ్చ ఆకు గలది, తెరకు నా దృష్టిలో అన్నిటికంటె యోగ్యమైనది. తొట్టె లోపలిపక్కల రెండంగుళముల థర్మోకోలుపలకలు నిలిపి మన్ను నింపినచో వేళ్లకు చలి తీవ్రత తగ్గును. పైన ఎండుటాకులు దట్టముగా పఱచుట రెండవ రక్ష. చాలమందికి తోచనిది మఱియొకటి కలదు. శీతకాలమున మొక్క చలికంటె దాహముతో ఎక్కువగా చచ్చును. మన్ను గడ్డకట్టి వేరు నీరు త్రాగలేకున్నను ఆకు పచ్చగానే యుండి గాలికి తడి పోగొట్టుకొనుచుండును. అందుచేత డిసెంబరులో నేల గట్టిపడకముందు తొట్లను నిండ తడిపి, నడుమ మంచు కరగిన వెచ్చనిదినములలో మరల తడుపవలెను.

వేసవిలో నీళ్లు నిత్యకృత్యము. ఎండదినములలో తొట్టెవెదురు ప్రతిదినమును త్రాగును. నీరు చాలనప్పుడు ఆకులు నిలువుగా మడిచికొని సన్ననిగొట్టములవలె కనబడును, తడిపిన కొన్నిగంటలకు మరల విప్పుకొనును. ఇది మొక్క పెట్టు మొఱ. దీనిని తెలిసికొన్నవారికి వేఱు యంత్రము లక్కఱలేదు. ఊరు విడిచి భారతదేశయాత్రకు ఆఱువారములు పోవువారు మాత్రము బిందుసేద్యపు గొట్టములు పఱచి, గడియారపుమీట బిగించిగాని పోరాదు. గడ్డిజాతి గనుక నత్రజని ఎక్కువగా కోరును. వసంతమున మొలకలకు ముందొకమాఱు, వేసవి నడుమ నొకమాఱు ఎరువు వేసినచో చాలును. రాలిన వెదురాకులను ఊడ్చి పాఱవేయుట తెలివితక్కువ. బొంగు గట్టిదనమునకు కారణమైన సిలికా ఆ ఆకులలోనుండి తిరిగి మన్నులో కలియును, పైగా కప్పువలె పనిచేయును. ఆకు అడుగున తెల్లని పలుచనిగూడు కట్టి, పైన పసుపుచుక్కలు వచ్చినచో అది వెదురునల్లి. బలముగా నీళ్లు చిమ్మి కడుగుట, మితిమీఱినప్పుడు సబ్బునీళ్లు చల్లుట సాధారణముగా సరిపోవును.

తొట్టెలో వెదురు, నేలలో లేచినంత యెత్తు లేవదు, సగమో, ముప్పాతికయో. తెరకు అదియే చాలును. మొక్కను మొక్కకు మూడు నాలుగడుగుల యెడముతో నాటినచో మూడవయేటికి చూపు దూరని తెర యేర్పడును. ఎత్తు ఎక్కువైనదని తోచినచోట బొంగును కణుపునకు కొంచెము పైన కోయవచ్చును. కోసిన బొంగు మరల ఎత్తు పెరుగదు, క్రిందికొమ్మలు మాత్రము దట్టమగును. అన్నిటిని ఒక్కయెత్తున బల్లపరుపుగా కోసి, మంగలికత్తెరలో పడిన జుట్టువలె నిలుపుట అక్కడి యొక పరిపాటి, నాకది నచ్చదు. కొనలు తమంతట తాము వంగి యూగుటలోనే వెదురు వెదురు. ఏటేట ముదిరి వన్నె తగ్గిన బొంగులను మొదటికి కోసితీసి, గాలియు వెలుతురును లోపలికి పోనీయవలెను.

మూడు నాలుగేండ్లకొకమాఱు పెద్దపని వచ్చును. అప్పటికి కొమ్ములు తొట్టెగోడల వెంబడి గానుగెద్దువలె తిరిగి తిరిగి, మన్నుకంటె వేరే ఎక్కువై, నీరుపోసినచో లోపలికి దిగక పైననే నిలుచును. క్రొత్తమొలకలు సన్ననై, ఆకు చిన్నదగును. వసంతారంభమున మొలకలకు ముందు ఇద్దరు మనుష్యులు గునపముతోను చేతిరంపముతోను పూనుకొని, తొట్టెలోని గడ్డను భాగములుగా కోసి, మూడవవంతు తొలగించి, గోడవెంబడి చుట్టిన కొమ్ములను నఱకి, క్రొత్తమన్ను నింపవలెను. ఈ పని తప్పించుకొన మార్గము లేదు. తొలగించిన కొమ్ములను కంపోస్టు కుప్పలో వేయరాదు. కణుపునకొక మొగ్గ యున్నదని ముందే చెప్పితిని. నాపరాళ్లమీద ఎండలో పఱచి, చేతితో విఱిచిన పుటుక్కుమనువఱకు ఎండనిచ్చి, తరువాత పాఱవేయవలెను. పొరుగువారు అడిగిరిగదా యని ఆ ముక్కలను వాత్సల్యముతో పంచిపెట్టుట దానధర్మములలోనిది కాదు.

హైదరాబాదులోను విశాఖపట్టణములోను మేడలమీద తొట్లలో వెదురు పెంచదలచినవారును వినుచుందురు. వారికి పాకుడుజాతి అక్కఱయే లేదు. ఫిల్లోస్టాకిస్ చలికాలపు విశ్రాంతి కోరునది, మన యెండలో ఎన్నటికిని సుఖముగా నుండదు. ఈ దేశమున అది సుఖించినచోటు చూడవలెనన్నచో అరుణాచలప్రదేశమునందలి జీరో లోయకు పోవలెను. అక్కడి అపతానీలు తమ పల్లెల చెంత కంచెలు కట్టి పాకుడువెదురు తోటలను తరతరములుగా సాగుచేయుచున్నారు. మనకు కడియపులంక తోటలలో దొరకు పొదకట్టు జాతులు చాలును. పచ్చనిచారల పసుపుబొంగు వెదురు గాని, కంచెలకు నాటు సన్నాకు వెదురు గాని ఏ తొట్టెలోనైన ఒద్దికగా పెరుగును, క్రిందియింటివారి పైకప్పులో దూరునను భయము లేదు. బరువుమాట మాత్రము ఇక్కడను వర్తించును. మనుష్యులు తిరుగు మేడకప్పునకు మన నిర్మాణ నియమములు లెక్కవేయు అదనపు భారము చదరపు మీటరునకు సుమారు 150 కిలోలు మాత్రమే. అడుగున్నర లోతు తడిమన్ను దానికి నాలుగైదురెట్లు. కాబట్టి తొట్లను దూలములు పోవుచోట గోడల వెంబడి నిలుపవలెను; అంతకుముందు ఇంజనీరును అడుగవలెను.

వెదురు పూయునేమో యని కొందరు భయపడుదురు. పూసిన వెదురు తఱచుగా చచ్చుననుట సత్యమే. మదాకే యంతయు సుమారు 120 ఏండ్లకొకమాఱు పూయునది, 1960ల చివర జపానులోను, ఇతరదేశములలోని తోటలలోను ఇంచుమించు ఒకేకాలమున పూసినది. ఒకే మొక్కనుండి పంచిన తెర అంతయు కలిసి పోవు ప్రమాదము ఉన్నమాట వాస్తవమే. కాని మన ఆయుర్దాయములను, తొట్టె ఆయుర్దాయమును ఆలోచించినచో ఇది నిద్ర చెడగొట్టుకొనవలసిన విషయముగా నాకు తోచదు.

కోసితీసిన ముదురుబొంగుల కేమి గతి యని అడుగవచ్చును. శరత్కాలమున కోసినవానిని కొమ్మలు దులిపి, గరాజులో గోడకు నిలువుగా ఒఱగించి యుంచినచో, మే నెలాఖరునకు, చలిభయము తీఱి చిక్కుడు, బీర, సొర విత్తనములు వేయు సమయమునకు బాగుగా ఆఱి గట్టిపడి యుండును. పచ్చిబొంగును పందిరికి వాడినచో రెండునెలలలో వంగును, కొన్నిజాతులలో పగులును. ఆఱినది రెండు మూడేండ్లు నిలుచును. వ్రేలిలావు బొంగులు చిక్కుడునకు చాలును. సొరపాదుకు మాత్రము రెండేసి బొంగులను జతగా కట్టవలెను, కాయబరువు దానికెక్కువ.